కంప్యూటర్ నోటు పుస్తకానికి పదికి పది, ల్యాబుకు మాత్రం తాళం: తొమ్మిదో తరగతికి బడి మార్చాలా?

దేవరకొండ_నాన్న
మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. స్టేట్ సిలబస్. ఫీజు రసీదులో ఏటా కంప్యూటర్‌కు వేరే గడి ఉంటుంది, అడిగినంత కడుతున్నాం. మొన్న సెలవుల్లో తన కంప్యూటర్ నోటు పుస్తకం తిరగేశాను. మొదటి తరం వాక్యూమ్ ట్యూబులు, రెండో తరం ట్రాన్సిస్టర్లు, ఇన్‌పుట్ పరికరాలు, అవుట్‌పుట్ పరికరాలు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది. మౌసు బొమ్మ కూడా గీసింది. రెండు బటన్లు, మధ్యలో చక్రం, వెనుక వైరు, ఒక్కో భాగానికి ఒక బాణం గుర్తు. పదికి పది వేశారు. "మరి నిజం మౌసుతో ఏం చేశావమ్మా?" అని అడిగితే "ల్యాబుకు తాళం ఉంటుంది నాన్నా" అంది.

తనకు ఫోటోలు తీయడం, వీడియోలు కత్తిరించి కలపడం, పండగలకు పోస్టర్లు చేయడం అంటే ప్రాణం. నా ఫోనులోనే చేస్తుంది. నల్లగొండలో ఒక సీబీఎస్‌ఈ బడిలో తొమ్మిది నుంచి ఐటీ ఒక సబ్జెక్టుగానే ఉందట. ఇక్కడి నుంచి దాదాపు 60 కిలోమీటర్లు, అంటే హాస్టలే. పంపాలా? ఇక్కడే ఉంచి వేరే దారి చూడాలా? ఇప్పుడు కంప్యూటర్ రాకపోతే రేపు ఇంజినీరింగులో వెనకబడుతుందని మా బావమరిది రోజూ ఫోను చేసి భయపెడుతున్నాడు.

గద్వాల_గణితం
ముందు ఆ భయం తీసేయండి. మన పదో తరగతి బోర్డు పరీక్షల్లో కంప్యూటర్ పేపరే లేదు. మూడు భాషలు, గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం, అంతే. పాలిసెట్‌లో ఇంజినీరింగ్ డిప్లొమాకు చూసే 120 మార్కుల్లో 60 గణితానివి. ఇంటర్ తర్వాత ఎప్‌సెట్‌లో 160కి 80 గణితానివే. బీటెక్‌లో కంప్యూటర్ సైన్సు సీటిచ్చేటప్పుడు "పదిలో కంప్యూటర్ చదివావా?" అని అడిగేవారు లేరు. ఆ రెండేళ్లూ లెక్కల మీద పెట్టించండి. మిగిలినవన్నీ తర్వాత వస్తాయి.

మిర్యాలగూడ_అత్త
సీటు కోసమే చదువా గణితం సారూ? ఆ పిల్లకు పోస్టర్లు చేయడం ఇష్టమని తండ్రి రాశాడు. దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు మీరు.

గద్వాల_గణితం
ఇష్టాన్ని కాదనలేదు అత్తా. హాస్టలుకు పంపేంత అవసరం లేదంటున్నాను.

నల్లగొండ_సీబీఎస్‌ఈ_అమ్మ
మా బాబు ఇప్పుడు పదిలో ఉన్నాడు, ఐటీ తీసుకున్నాడు. సబ్జెక్టు కోడ్ 402. దేవరకొండ అన్నకు ఉపయోగపడుతుందని ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మార్కులు 50 రాతపరీక్షకు, 50 ప్రాక్టికల్‌కు, ప్రాజెక్టుకు. పదిలో లిబ్రేఆఫీస్ రైటర్, క్యాల్క్, బేస్ నేర్పుతారు. అంటే పత్రం తీర్చిదిద్దడం, పట్టికలు, చిన్న డేటాబేసు. దీంతోపాటు మాట్లాడే తీరు, స్వీయ నిర్వహణ, వ్యాపార దృష్టి వంటి ఉద్యోగ నైపుణ్యాల భాగానికి 10 మార్కులు. కృత్రిమ మేధ కావాలంటే 417. కంప్యూటర్ అప్లికేషన్స్ 165, అందులో హెచ్‌టీఎమ్‌ఎల్‌తో వెబ్ పేజీలు చేయిస్తారు. ఏ బడి ఏది చెబుతుందో ఆ బడినే అడగాలి, అన్నీ అన్ని చోట్లా ఉండవు.

ఇంకొక లాభం చాలామందికి తెలియదు. ఐదు ప్రధాన సబ్జెక్టులకు తోడు ఆరోదిగా ఈ నైపుణ్య సబ్జెక్టు తీసుకుని, గణితం, సైన్సు, సోషల్‌లో ఏదైనా ఒకటి తప్పితే, దాని స్థానంలో ఇది లెక్కలోకి వస్తుంది.

అయితే మీ అమ్మాయికి ఇష్టమైన వీడియో, పోస్టరు పని 402లో చాలా తక్కువ. ఐటీ అని పేరుంది కదా, అవన్నీ నేర్పుతారనుకుని పంపకండి. ఎక్కువ భాగం ఆఫీసు పనే.

దేవరకొండ_నాన్న
ఇది నాకు ఎవరూ చెప్పలేదు చెల్లెమ్మా. బడి వాళ్లు రంగుల కరపత్రం ఇచ్చారు, అందులో రోబో బొమ్మ ఉంది.

మిర్యాలగూడ_అత్త
రోబో బొమ్మ లేని కరపత్రం ఈ ఏడాది నేనైతే చూడలేదు. మా వీధిలో ఎల్‌కేజీ బడికి కూడా వేశారు.

పాలమూరు_టీచర్
నేను మహబూబ్‌నగర్ జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. కంప్యూటర్ గదీ నా బాధ్యతే, ఎందుకంటే మా బడిలో కంప్యూటర్‌కు విడిగా ఉపాధ్యాయ పోస్టు లేదు.

ఈ తాళం కథ ప్రైవేటు బడులది మాత్రమే కాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. ఒక సంస్థ పెట్టుబడి పెట్టి, ఐదేళ్లు నడిపి, తర్వాత బడికి అప్పగించే బూట్ పద్ధతి. బోధకులు కాంట్రాక్టు మీద వచ్చారు. గడువు తీరింది, బోధకులు వెళ్లిపోయారు, పెట్టెలు మిగిలాయి. మనిషి లేని ల్యాబుకు తాళం పడక ఏమవుతుంది? పోతే జవాబు చెప్పాల్సింది ప్రధానోపాధ్యాయులే కదా. తర్వాత 2022 మార్చిలో మన వనపర్తిలోనే ‘మన ఊరు మన బడి’ మొదలైంది. ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. వాటితో పాఠం చెప్పడం ఎంతో తేలికైంది, నేను రోజూ వాడతాను. జ్యామితిలో త్రిభుజాన్ని లాగి చూపిస్తే పిల్లలకు వెంటనే తెలుస్తుంది. కానీ తెర ముందు టీచరు ఉంటుంది, పిల్లలు చూస్తూ ఉంటారు. పిల్ల తన వేళ్లతో ఒక ఫైలు సృష్టించి, పేరు పెట్టి, దాచి, మర్నాడు మళ్లీ తెరవాలంటే దానికి కీబోర్డున్న యంత్రం కావాలి. వంటగదికి తాళం వేసి వంట పాఠం చెబితే ఎవరి కడుపు నిండుతుంది?

మా బడిలో ఇప్పుడు ఆరు యంత్రాలు నడుస్తున్నాయి. ఒక్కోదాని దగ్గర ముగ్గురు. ఒకరు మౌసు, ఒకరు కీబోర్డు, ఒకరు చెప్పేవారు. ప్రతి పది నిమిషాలకు చోట్లు మారతారు. యంత్రాలు తక్కువ కాబట్టి పెట్టుకున్న పద్ధతి ఇది. కానీ చెప్పే స్థానంలో ఉన్న పిల్ల ‘కుడివైపు మూడో గుర్తు నొక్కు’ అని మాటల్లో చెప్పాల్సి రావడంతో చాలా నేర్చుకుంటోంది.

హాలియా_హార్డ్‌వేర్
టీచరమ్మా, మూలన పడ్డవి ఎన్ని ఉన్నాయి? ఎనిమిదీ పదీ పాడయ్యాయని రాసి మూలన పెట్టిన గదులకు నేను వెళ్లాను. తెరిచి చూస్తే సగం బాగు చేసుకోదగ్గవే.

పాలమూరు_టీచర్
ఏడు ఉన్నాయండి. కొన్నింటికి ఆన్ చేయగానే 2009 అని తేదీ వస్తుంది. ఎఫ్1 నొక్కితే ముందుకు వెళతాయి కానీ ఇంటర్నెట్‌లో ఏ పేజీ తెరిచినా భద్రత లేదని హెచ్చరిక. రెండు అసలు లేవడం లేదు, మూడుసార్లు బీప్ అంటాయి.

హాలియా_హార్డ్‌వేర్
తేదీ తప్పు చూపేవాటికి జబ్బేమీ లేదు. మదర్‌బోర్డు మీద నాణెం అంత బ్యాటరీ ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి కాబట్టి గడియారం తప్పితే బ్రౌజర్ నమ్మదు. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

బీప్ అనేవాటికి ముందు కరెంటు పూర్తిగా తీసి, ర్యామ్ పలకను (పని జరిగేటప్పుడు సమాచారం దాచుకునే భాగం) బయటికి లాగండి. బంగారు రంగు అంచును పెన్సిలు చెరిపే రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి ఊదేసి, మళ్లీ గట్టిగా అమర్చండి. చాలావరకు లేస్తాయి. నత్తనడక నడిచేవాటికి పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త రకం డిస్కు పెట్టిస్తే తేడా మీకే తెలుస్తుంది. విండోస్ 10కి భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత యంత్రాలకు విండోస్ 11 ఎక్కదు. విండోస్‌కు బదులు లుబుంటు వంటి తేలిక లినక్సు వేయండి, డబ్బు కట్టనక్కరలేదు.

గద్వాల_గణితం
లినక్సు పిల్లలకు కష్టం కాదా? బయట ఆఫీసుల్లో ఎక్కడ చూసినా విండోసే కదా.

కల్వకుర్తి_నుంచి_మాదాపూర్
కేరళను చూడండి సార్. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా ఉబుంటు అనే లినక్సు ఆధారంగా తయారు చేసుకున్న వ్యవస్థే నడుస్తోంది. ఐటీ@స్కూల్ అని 2001లో మొదలుపెట్టారు, ఇప్పుడు కైట్ అనే సంస్థ చూస్తోంది. పాఠ్యపుస్తకంలో ఫోటోలు, బొమ్మలు తీర్చిదిద్దే జింప్, ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. పదో తరగతిలో ఐటీకి ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంది. పరీక్ష ఉంది కాబట్టి ల్యాబు తాళం తీయక తప్పదు. మన దగ్గర అసలు తేడా అక్కడే ఉంది. మార్కులు లేని పీరియడ్‌ను ఎవరైనా లాగేసుకుంటారు. పదో తరగతిలో మా కంప్యూటర్ పీరియడ్ మొత్తం సైన్సు సారే తీసుకునేవారు.

నేను కల్వకుర్తి దగ్గర పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివాను. కంప్యూటర్ మొదటిసారి ముట్టింది ఇంటర్ తర్వాతే. ఉద్యోగం వచ్చింది, పని చేసుకుంటున్నాను. అందుకే ‘ఇప్పుడు రాకపోతే జీవితం పోయింది’ అనే మాట నేను ఒప్పుకోను. కానీ బీటెక్ మొదటి ఏడాది ల్యాబులో నగరం పిల్లలు చకచకా టైపు చేస్తుంటే నేను ‘ఏ’ అక్షరం ఎక్కడుందో వెతుక్కునేవాడిని. ఆ ఆర్నెల్లు బుర్ర పాఠం మీద లేదు, వేళ్ల మీద ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆ పిల్లకు టైపింగు, ఫైళ్లు, ఫోల్డర్లు అలవాటైతే అదే పెద్ద సాయం.

జడ్చర్ల_టెన్త్
నేను పదో తరగతి చదువుతున్నాను. ఫోనులో వీడియో ఎడిటింగ్ బాగా వచ్చు. కానీ బడిలో కంప్యూటర్ మీద నా ఫోటోలు కాపీ చేసుకున్నాక ఎక్కడికి వెళ్లాయో దొరకలేదు. ఫోనులో గ్యాలరీ తెరిస్తే అన్నీ అక్కడే ఉంటాయి కదా. సార్ ఫోల్డర్ లోపల ఫోల్డర్ చూపించాక అర్థమైంది. మా తరగతిలో అందరికీ ఇదే ఇబ్బంది.

పాలమూరు_టీచర్
ఈ పాప చెప్పింది అక్షరాలా నిజం. ఫోను బాగా వాడే పిల్లలకు కంప్యూటర్ వచ్చేసిందని పెద్దలు అనుకుంటారు. ఫైలు ఎక్కడ ఉంటుందనే ఊహే వాళ్లకు ఉండదు.

నకిరేకల్_డీటీపీ
ఇంతసేపూ చదివాను, తెలుగు టైపింగ్ గురించి ఒక్కరూ ఎత్తలేదే!

పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే కొట్టు మాది. మేము పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెరిగాం. ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగు మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే అది లోపల ఇంగ్లిషు అక్షరాల చోటే వాడుకుంటుంది. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సంకేతాలతో సొంత చోటు ఉంది. అందులో రాసింది ఫోనులో, వెబ్‌లో, ఎక్కడైనా తెలుగుగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. డిజిటల్ మీడియా నేర్పుతామని చెప్పే బడి మొదట పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పాలి. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు. మన అక్షరాల తీరు తెలిసిన పిల్లకు త్వరగా పట్టుబడుతుంది.

ఇక ఫాంట్లు. పోస్టర్లు చేసే అమ్మాయి అన్నారు కాబట్టి చెబుతున్నాను. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఎన్నో ఉచితంగా ఉన్నాయి. మండలి, రామభద్ర, మల్లన్న, ఇంకా సురవరం. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీదే ఆ ఫాంటు. 1926లో ఆయన సీసపు అక్షరాలు పేర్పించి పత్రిక వేస్తే, ఇవాళ ఆయన పేరున్న అక్షరాలతో మన జిల్లా పిల్ల ఇంట్లో కూర్చుని పోస్టరు చేయవచ్చు. ఈ మాట పిల్లలకు చెప్పి చూడండి, కళ్లు మెరుస్తాయి.

జడ్చర్ల_టెన్త్
సార్ మీరు తెలుగు అక్షరాలన్నారు కదా, నాకు ఒక సందేహం. మా సార్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక పదం పొడవు చూపించారు. ‘నల్గొండ’ అని ఇస్తే 7 అని వచ్చింది. ‘పాలమూరు’ అని ఇచ్చినా 7. నేను లెక్కపెడితే మొదటిది మూడక్షరాలు, రెండోది నాలుగు. కంప్యూటర్ తప్పు చెప్పిందా?

కల్వకుర్తి_నుంచి_మాదాపూర్
తప్పు చెప్పలేదమ్మా, అది వేరేదాన్ని లెక్కపెడుతోంది. మన కంటికి ‘ల్గొం’ ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, మొత్తం ఐదు గుర్తులు. ముందు న, చివర డ కలిపితే ఏడు. ‘పాలమూరు’లో ప, దీర్ఘం, ల, మ, ఊత్వం, ర, ఉత్వం, అవీ ఏడే. ‘నల్లగొండ’ అని రాసి చూడు, ఎనిమిది వస్తుంది. తర్వాత మీ తరగతిలో అందరి పేర్లూ ఇచ్చి చూడండి, ముందే కాగితం మీద లెక్కపెట్టి.

తొమ్మిదో తరగతి పిల్లకు ఈ ప్రశ్న వచ్చిందంటే ఆ సార్ పాఠం బాగా చెబుతున్నారని అర్థం. నా కళాశాలలో కూడా ఇది ఎవరూ చెప్పలేదు.

జడ్చర్ల_టెన్త్
పదో తరగతి సార్ :)

నకిరేకల్_డీటీపీ
ఇన్నేళ్లుగా తెలుగు కొడుతున్నాను, పొల్లును విడిగా లెక్కపెడుతుందని నాకు ఇప్పుడే తెలిసింది. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుణింతం మాత్రమే పోయి అక్షరం మిగలడం ఇందుకేనన్నమాట.

ఆమనగల్లు_అమ్మ
అందరూ యంత్రాలు, ఫాంట్లు అంటున్నారు. నా భయం వేరు. మా పెద్దమ్మాయి బడి వార్షికోత్సవం వీడియో చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరో అందులోంచి ఒక పాప ఫోటో తీసి పిచ్చి రాతలతో తిప్పారు. ఆ పాప వారం రోజులు బడికి రాలేదు. డిజిటల్ మీడియా నేర్పేటప్పుడు ఇది ఎవరు నేర్పుతారు?

నల్లగొండ_సీబీఎస్‌ఈ_అమ్మ
కంప్యూటర్ అప్లికేషన్స్ (165)లో సైబర్ నీతి ఒక పాఠంగా ఉంది వదినా. అయినా పుస్తకంలో చదివి పరీక్ష రాయడం ఒకటి, వీడియో పెట్టే ముందు ఆ పాప ఇంట్లో అడగడం ఒకటి.

పాలమూరు_టీచర్
అమ్మా, మీ భయం న్యాయమైనది. మా బడిలో నియమం పెట్టుకున్నాం. పిల్లల ముఖాలు ఉన్న వీడియో బడి లోపలే, మా తెర మీదే వేస్తాం. బయటికి వెళ్లేదాంట్లో చేతులు, వస్తువులు, చోట్లు, గొంతు మాత్రమే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అలాంటిది ఎవరికైనా జరిగితే ఆలస్యం చేయకుండా తెర చిత్రాలు (స్క్రీన్‌షాట్లు) తీసి దాచుకుని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు మోసమైతే 1930కి వెంటనే ఫోను చేయాలి. పిల్లలకు ఏ ఆపదైనా 1098 ఉంది. ఈ రెండు సంఖ్యలూ మా ల్యాబు గోడ మీద పెద్దగా రాయించాను.

ఇంకొకటి, సినిమా పాటలు ఎత్తి నేపథ్యంలో పెట్టడం. ఎవరి సొత్తు అని పిల్లలను అడగడం ఈ వయసులోనే మొదలుకావాలి. ఊళ్లో బతుకమ్మ పాట పాడే అవ్వ గొంతు రికార్డు చేయమంటాను, ముందు ఆమెను అడిగి. శబ్దాన్ని సరిచేసే అడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం. వెనుక వచ్చే ఫ్యాను శబ్దం తీసేయడం నేర్చుకున్న రోజు పిల్లల ఆనందం చూడాలి.

పుట్టపాక_మగ్గం
మాది నేత కుటుంబం. ఉమ్మడి నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి కింద ఉన్నాం. కంప్యూటర్ చదువు అంటే మాకు సంబంధం లేనిదనుకునేవాళ్లం. మా బాబు బడిలో క్యాల్క్ నేర్చుకుని వచ్చాక నా అభిప్రాయం మారింది.

ఇక్కత్ డిజైను గ్రాఫు కాగితం మీద గడి గడిగా వేసుకుంటాం. రంగు అంటకూడని చోట నూలుకు చిటికి కడతాం, తర్వాత అద్దకం. మా తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టలో పడుగుకూ (నిలువు నూలు) కట్టాలి, పేకకూ (అడ్డ నూలు) కట్టాలి, రెండూ మగ్గం మీద కలిసేచోట బొమ్మ సరిగ్గా కూర్చోవాలి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మావాడు క్యాల్క్‌లో నిలువు వరుసలను సన్నగా చేసి, గడులన్నీ చతురస్రాలు అయ్యేట్టు పెట్టాడు. కట్టిన చోట 0, రంగు తగిలే చోట 1. అంకెను బట్టి గడి రంగు తనంతట తానే మారేట్టు నియమం పెట్టాడు. రెండో రంగుకు ఇంకో షీటు. మధ్యలో పువ్వు గడి ఒకటి పక్కకు జరిపి చూద్దామంటే కాగితం మీదైతే మొదటి నుంచి వేయాలి. వాడు అక్కడికక్కడే జరిపి చూపించాడు. వాళ్ల తాత కళ్లజోడు తెచ్చుకుని మరీ కూర్చున్నాడు, "ఈ అంచు తప్పు, పేక లెక్క కలవదు" అని వేలు పెట్టి చూపించాడు. లెక్కపెడితే తాత మాటే నిజం.

గద్వాల_గణితం
మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇది మాత్రికలే (మ్యాట్రిసెస్)! పదకొండో తరగతిలో మాత్రికలు చెప్పేటప్పుడు అంకెలు వేసి ఊరుకుంటాం. మాది గద్వాల, ఇంటింటికీ మగ్గం. రేపటి నుంచి చీర అంచుతోనే మొదలుపెడతాను.

మిర్యాలగూడ_అత్త
చూశారా, గణితం సార్ మన దారికి వస్తున్నారు!

కల్వకుర్తి_నుంచి_మాదాపూర్
నేత అంటే ఇంకొకటి. చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం గురించి ప్రతి బడిలో లూప్ పాఠం పక్కన చెప్పాలి. వాళ్లమ్మ ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, చేతిని వేల సార్లు ముందుకూ వెనక్కూ తిప్పేది, దాదాపు 9,000 సార్లు. భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితోనే బడి ఆగిపోయిన మనిషి. ‘ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తున్నామంటే దాన్ని యంత్రానికి అప్పగించవచ్చు’ అనే ఆలోచనే ప్రోగ్రామింగుకు మూలం. పిల్లలు దిమ్మెలు పేర్చి ప్రోగ్రాము చేసే స్క్రాచ్‌లో ‘మళ్లీ మళ్లీ’ దిమ్మెను లాగి పెట్టే పిల్లకు ఆ భుజం నొప్పి తెలిస్తే పాఠం మరచిపోదు.

పానగల్_విశ్రాంత_మాస్టారు
నల్లగొండ వాస్తవ్యుడిని, భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. దేవరకొండ తండ్రికి వీడియో మాట మీద ఒక ఉదాహరణ ఇస్తాను. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా శివలింగం వెనుక గోడ మీద కదలని నీడ కనిపిస్తుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? ఇది చెప్పడం కంటే చూపించడం మేలని, ఆలయం వారి అనుమతితో మంటపంలోంచి కొందరు పిల్లలతో ఫోనులో టైమ్‌లాప్స్, అంటే గంటల తరబడి తీసిన ఫోటోలను కలిపి చేసే చిన్న వీడియో, తీయించాను.

మొదట లెక్క వేయించాను. పది సెకన్లకు ఒక ఫోటో, ఆరు గంటలు. 2,160 ఫోటోలు. సెకనుకు 24 చొప్పున కలిపితే 90 సెకన్ల వీడియో. ఫోటో మూడు ఎంబీ అయితే దాదాపు ఆరున్నర జీబీ, మరి ఎవరి ఫోనులో అంత చోటుంది? ఒక అమ్మాయి "ఫోటో సైజు తగ్గిద్దాం సార్, తెర మీద అంత అవసరం లేదు" అంది. రిజల్యూషన్ అంటే ఏమిటో అప్పుడు చెప్పాను, అప్పటిదాకా చెప్పలేదు. వెలుగు మారినప్పుడల్లా ఫోను తనంతట తాను సర్దుకుని చిత్రం మినుకు మినుకుమంటుందని, ఎక్స్‌పోజరు (ఫోను తీసుకునే వెలుగు మోతాదు) బిగించాలని మొదటి ప్రయత్నం చూశాక వాళ్లే కనిపెట్టారు. తర్వాత అట్టపెట్టె, కొవ్వొత్తులు, పెన్సిళ్లు పెట్టి గుడి నమూనా చేశారు. రెండు దిక్కుల నుంచి వెలుగు వస్తే నీడ ఎలా పడుతుందో చూశారు. ఇందులో భౌతికశాస్త్రం ఏది, గణితం ఏది, డిజిటల్ మీడియా ఏది అని నేను విడదీయలేను.

గద్వాల_గణితం
మాస్టారూ, ఆ 2,160 లెక్క రేపే మా పిల్లలకు ఇస్తాను. నేను మొదట రాసిన దానిలో ఒక్కటి మార్చను: బడి మార్చి హాస్టలుకు పంపనక్కరలేదు. లెక్కలు బాగుంటే ఏ దారైనా తెరిచే ఉంటుంది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా మూడేళ్లు, ఆపై ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరవచ్చు. బాసర ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్షే లేదు, పదో తరగతి మార్కులతోనే తీసుకుంటారు. త్వరగా పని నేర్చుకోవాలంటే ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడు ఏడాదే.

మిర్యాలగూడ_అత్త
ఆ చివరిది మా మేనకోడలు చేసింది. మీ సేవ కేంద్రంలో పని దొరికింది, ఇప్పుడు ఊరంతా దాని దగ్గరికే వస్తారు.

ఆమనగల్లు_అమ్మ
హాస్టలుకు వద్దు అనే మాటకు నాదీ ఓటు. పద్నాలుగేళ్ల పిల్ల ఇంట్లో ఉండాలి.

నల్లగొండ_సీబీఎస్‌ఈ_అమ్మ
నేను మాత్రం పూర్తిగా వద్దనను. మా బాబుకు వారంలో రెండు ప్రాక్టికల్ పీరియడ్లు తప్పకుండా జరుగుతాయి, ఎందుకంటే 50 మార్కులు ఉన్నాయి. దేవరకొండలో ఆ తాళం తీయించగలిగితే సరే. తీయకపోతే? అన్నీ ఇంట్లో నేర్పించే తీరిక ఏ తల్లిదండ్రులకు ఉంటుంది?

దేవరకొండ_నాన్న
అందరివీ చదివాను, మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను. పుట్టపాక తాత కథ తనకు బాగా నచ్చింది.

ఇవాళ బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయుడిని కలిశాను. కంప్యూటర్ ఫీజు రసీదులన్నీ బల్ల మీద పెట్టి, వారానికి ఎన్ని గంటలు పిల్లలు యంత్రం ముందు కూర్చుంటారని అడిగాను. నాతో పాటు మరో నలుగురు తల్లిదండ్రులు వచ్చారు, ఒక్కడినే అయితే వినేవారు కాదేమో. యంత్రాలు పాడయ్యాయి, బాగు చేయించడానికి ఖర్చవుతుందన్నారు. తాళం తీయించి చూశాం. పది ఉన్నాయి, దుమ్ము పట్టి. నాలుగు లేచాయి. మిగతావి హాలియా అన్న చెప్పినట్టు తేదీ అడుగుతున్నాయి, బీప్ అంటున్నాయి. జూన్ నుంచి తొమ్మిదో తరగతికి వారంలో రెండు పీరియడ్లు ల్యాబులోనే అని కాగితం మీద రాసిచ్చారు. నాలుగు నెలలు చూస్తాను. జరగకపోతే అప్పుడు నల్లగొండ సంగతి ఆలోచిస్తాను. బావమరిదికి కూడా ఇదే చెప్పాను.

పాలమూరు_టీచర్
మంచి పని చేశారు. నోటు పుస్తకం మాన్పించమని అడగకండి, దాన్నే ల్యాబు పుస్తకంగా మార్చమనండి. ఈ రోజు ఏ ఫైలు చేశాను, ఏ పేరుతో ఎక్కడ దాచాను, ఏది రాలేదు. మూడు వాక్యాలు చాలు. దసరా నాటికి ప్రతి పిల్లకూ సొంతంగా చేసిన ఒక పోస్టరు, ఒక పట్టిక, ఒక నిమిషం ఆడియో ఉండాలని వారితో ఒప్పందం చేసుకోండి. ల్యాబు నడుస్తోందో లేదో ఆ మూడు ఫైళ్లు చూస్తే తెలిసిపోతుంది.

నకిరేకల్_డీటీపీ
పోస్టరు తెలుగులో, యూనికోడ్‌లో. ఆ ఒక్కటి నా తరఫున రాయించండి. అమ్మాయికి అచ్చు వేసి చూసుకోవాలనుంటే నకిరేకల్ వైపు వచ్చినప్పుడు తీసుకురండి, మొదటి కాపీకి డబ్బు తీసుకోను.

దేవరకొండ_నాన్న
తప్పకుండా అన్నా. హాలియా అన్నా, ఆ నాణెం బ్యాటరీ కంప్యూటర్ దుకాణంలోనే దొరుకుతుందా? నల్లగొండ వెళ్లాలా?

హాలియా_హార్డ్‌వేర్
అక్కర్లేదు. దేవరకొండలోనే గడియారాల కొట్టులో అడగండి, పాతది చేతిలో పట్టుకెళ్లండి. ప్లస్ గుర్తున్న వైపు పైకి ఉండాలి.